కుప్పకు దక్షిణపు పక్క

తిఫ్రీత్
14 అక్టోబర్ 1984, ఆదివారం

తమ్ముడు బిహీకి అక్క తూదా సలాం.

గురువారం మధ్యాహ్నం ఒక్క గంట వాన పడింది. ఏడాదికి రావాల్సినదంతా ఆ గంటలోనే వచ్చినట్టుంది. వాగు మా కింది మడి గట్టును కోసుకుపోయింది. శుక్ర, శనివారాలు ఊరంతా కలిసి కాలువలో పూడిన ఒండ్రు ఎత్తిపోశాం. ఈ రోజు నేను కుంకుమపువ్వు మడిలో కలుపు తీశాను. ఇంకో పది రోజుల్లో పూలు వస్తాయి.

నువ్వు అడిగిన రాళ్ళు ఈ బస్సులోనే పంపుతున్నాను. వర్‌జజాత్‌లో రబాత్ బస్సుకు ఎక్కిస్తానని డ్రైవర్ మూసా మాటిచ్చాడు. సంచి ఎత్తి చూసి, "ఏమ్మా, నీ తమ్ముడికి అక్కడ రొట్టె దొరకట్లేదా, రాళ్ళు తింటున్నాడా?" అన్నాడు. బస్సులో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

మొత్తం ఎనిమిది. నువ్వు చెప్పినట్టే దేనికదే గుడ్డలో చుట్టి, ఎక్కడ దొరికిందో చీటీ పెట్టించాను. చీటీలు రాసింది బడి పంతులు సీ ఉస్మాన్. ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆయనే. ఊళ్ళో ఎవరింటి సంగతైనా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే కనుక ఆయనకు తెలియనిది లేదు. ఈ మాట కూడా రాయమన్నాను. తల వంచుకుని రాస్తున్నాడు.

నీ పోయిన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మన కొండల్లో ఆ రాయి ఉందని తేలితే మీ ఆఫీసు ఇక్కడ గుడారాలు వేస్తుందనీ, ఇక్కడి మాట తెలిసినవాడివి కనుక నిన్నే వేస్తారనీ, రెండు మూడేళ్ళ పని ఉంటుందనీ రాశావు. అది నిజమైతే ముందే చెప్పు. పై గది ఖాళీ చెయ్యాలి. మీ బావ పోయిన నాలుగేళ్ళ నుంచీ అందులో ఉల్లిపాయలే ఉంటున్నాయి. చిన్న కుండలోనే వండుతున్నాను. అయినా మిగులుతోంది.

మోకాలు అలాగే ఉంది. కొండకు నిదానంగా పోయి నిదానంగా వచ్చాను.

తూదా


రబాత్
5 నవంబర్ 1984

అక్కా,

రాళ్ళు చేరాయి. సంచి అడుగు చిరిగింది కానీ ఏదీ పోలేదు.

మొదటి ఆరూ మాకు పనికిరావు. అభ్రకం, గులాబీ రంగు గట్టి రాయి, నల్ల పుల్లలు గుచ్చుకున్న పలుగు రాయి. ఏడు, ఎనిమిది మాత్రం వేరు. బూడిద రంగు, కొంచెం పచ్చ ఛాయ, బారుగా పలకల్లా ఉన్నాయి కదా, అవి. కొడితే కట్టెపుల్లలా నిలువునా చీలాయి. చూపుకి ఉన్నదానికంటే చేతికి బరువు. నూరి, ఆ పొడి తీగ కొనకు అంటించి గ్యాసు మంటలో పెట్టాను. మంట దానిమ్మ గింజ రంగుకు తిరిగింది, అది మేం వెతికే లిథియం రంగు. పదకొండేళ్ళుగా ఈ గిడ్డంగిలో రాళ్ళకు నంబర్లు రాస్తున్నాను, నా చేత్తో ఆ రంగు చూడడం ఇదే మొదటిసారి.

ఇంజినీరు సీ బెన్నూనాను పిలిచాను. ఆయన మళ్ళీ చేసి చూశాడు. "ఎవరు ఏరారివి?" అన్నాడు. మా అక్క అన్నాను. "ఎక్కడ చదివింది?" అన్నాడు. చదవలేదండీ, మేకలున్నాయి అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

నువ్వు ఎప్పుడో అడిగావు, ఈ రాయి కోసం కొండ దగ్గర వదిలేసి దూరంగా ఎందుకు వెతకమంటావని. చెబుతాను. భూమి లోతున కరిగిన రాయి చల్లారేటప్పుడు ఒక్కసారిగా గడ్డకట్టదు. ముందు ఒక రకం స్ఫటికం కడుతుంది, తరువాత ఇంకొకటి. ఏది కట్టినా తనకు ఇమిడేదాన్ని ద్రవంలోంచి తీసుకుంటుంది. లిథియం ఎందులోనూ ఇమడదు. అందరూ వదిలేస్తే చివర మిగిలిన ద్రవంలో నీటితో కలిసి ఉండిపోతుంది. ఆ ద్రవం పలచన కనుక పగుళ్ళు పట్టుకుని బాగా దూరం పోతుంది. పోయి, ఎక్కడో చల్లటి రాతిలో ఆగి గడ్డకడుతుంది. ఆ గడ్డకట్టిన సిరలను పెగ్మటైట్ అంటారు. తల్లి గ్రానైట్‌కు దగ్గరి సిరల్లో అభ్రకం, నల్ల పుల్లలు ఉంటాయి. అన్నిటికంటే దూరం పోయినవాటిలోనే లిథియం. మన ఊరికి ఉత్తరాన ఉన్నది తల్లి కొండ. కాబట్టి దక్షిణానికి పొమ్మన్నాను.

ఏడు, ఎనిమిది సరిగ్గా ఎక్కడ దొరికాయో రాయించు. అవి కొండలోంచి పొడుచుకు వచ్చి ఉన్నాయా, విడిగా పడి ఉన్నాయా? దీని మీదే అంతా ఉంది.

మేడ మీది నా గదిలో చలి మొదలైంది. రోజంతా నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. "నంబర్లాయనా" అంటారు. ఉత్తరంలో నా పేరు చూస్తే ఎవరిదో అనిపించింది.

బిహీ


తిఫ్రీత్
22 నవంబర్ 1984

తమ్ముడికి,

పూలు అయిపోయాయి. పదహారు రోజులు తెల్లవారకముందే మడిలోకి దిగాం. వేళ్ళు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఈసారి పువ్వు తక్కువ, గింజుకుంటే పిడికెడు.

నువ్వు రాసింది సీ ఉస్మాన్ చదివితే పక్కింటి ఫాద్మా కూడా విన్నది. ఎందులోనూ ఇమడక అందరికంటే దూరం పోయి గడ్డకట్టిందంటే అది మన ఇత్తో పిన్ని కదా అన్నాను. మూడు ఇళ్ళలోనూ ఇమడక ఆఖరికి అగాదీర్ దాకా పోయింది. "అయితే ఆ పిన్ని మంచం కింద తవ్వమను" అంది ఫాద్మా. సీ ఉస్మాన్‌కు నవ్వొచ్చి టీ ఒలికింది. ఆయన సాయంత్రాలు ఇక్కడే టీ తాగి పోతున్నాడు. బడి గదికి కిటికీ అద్దం లేదు, చలి.

రాళ్ళ సంగతి. మనం మొక్కే లల్లా యామ్నా సమాధి కనిపించే కనుమ ఉంది కదా, దాని కింద వాగు మలుపు తిరిగే చోట దొరికాయి. వాన పైనుంచి దొర్లించి తెచ్చిన రాళ్ళలో ఉన్నాయి. విడిగానే పడి ఉన్నాయి. అలాంటివి ఇంకో ఏడెనిమిది చూశాను, పెద్దవి, మోయలేక వదిలేశాను. పైకి పోలేదు. మోకాలు ఒప్పుకోలేదు. నీళ్ళు పై నుంచే వస్తాయి కనుక రాయీ పై నుంచే వచ్చి ఉంటుంది.

ఉల్లిపాయలు కిందికి దించాను.

తూదా


రబాత్
16 డిసెంబర్ 1984

అక్కా,

నీ ఉత్తరం సీ బెన్నూనాకు చదివి వినిపించాను, పిన్ని సంగతి తప్ప. నీళ్ళు పై నుంచి వస్తాయి కనుక రాయీ పై నుంచే అన్నావు చూడు, అదే మాట ఆయన తన నివేదికలో రాశాడు. వాగులో దొర్లిన రాయి దొరికితే ఎదురు నడిచి దాని ఇల్లు కనుక్కోవడమే మా పని.

జనవరిలో ఆయన నలుగురు మనుషులతో వస్తాడు. కనుమ మీద కందకం తవ్వుతారు. ఈ విడతలో నేను లేను. గిడ్డంగి వదలడానికి లేదన్నారు. కందకంలో సిర కనిపిస్తే యంత్రం తెచ్చి లోతుకు బోరు వేస్తారు, అప్పుడు నా ఆర్డరు అవుతుంది. అది కాగితం మీద ఉంది. నేను చూశాను.

ఈ మధ్య సాయంత్రాలు ఆఫీసు పుస్తకాలే చదువుతున్నాను, గదికి పోయి చేసేదేమీ లేక. ఆస్ట్రేలియాలో, జింబాబ్వేలో, కెనడాలో, కాంగోలో ఇదే రాయి. పేరు స్పోడుమీన్. అమెరికాలో ఒక గనిలో ఒక్క స్ఫటికమే నలభై ఏడు అడుగులట. మన మసీదు మినారు ముప్పై కూడా ఉండదు. ఎక్కడైనా కథ ఒకటే. రెండు భూఖండాలు వచ్చి ఢీకొంటాయి, మధ్యలో ఉన్న బురద లోపలికి పోయి కరుగుతుంది, కొండ లేస్తుంది, కొండ కింద గ్రానైట్, గ్రానైట్ నుంచి ఈ చివరి ద్రవం. తరువాత కొండ అరిగిపోతుంది. మనం ఉంటున్నది అరిగిపోయిన కొండ వేర్ల మీద. రెండు వందల కోట్ల ఏళ్ళ కిందటిది. అంత కాలం కదలకుండా ఉన్నదాన్ని తెచ్చి నేను డబ్బాలో పెట్టి నంబరు వేస్తున్నాను.

సీ బెన్నూనా ఫేజ్ పట్నం మనిషి, మర్యాదస్తుడు. కారం తినడు. నీ ఇంట్లో ఒక పూట భోజనం పెట్టు.

బిహీ


తిఫ్రీత్
27 జనవరి 1985

తమ్ముడికి,

చలి ఎక్కువగా ఉంది. పొద్దున కాలువ మీద మంచు పెంకు కట్టింది. మేక ఒకటి ఈనింది.

మీవాళ్ళు వచ్చి పద్దెనిమిది రోజులైంది. కనుమ మీద కందకం ముగ్గురు మనుషుల పొడుగున తవ్వారు. మామూలు పొరల రాయి తప్ప ఏమీ రాలేదు. చెయ్యి వెడల్పున ఒక పలుగు సిర ఉంది. అందులో నల్ల పుల్లలే ఉన్నాయట. సీ బెన్నూనా రెండుసార్లు మా ఇంట్లో భోంచేశాడు. మంచివాడు. ఇంకొక్క రాయి, ఇంకొంచెం పైన దొరికినది ఉంటే, సిర ఆ పక్కనే లోపల దాగి ఉందని పై వాళ్ళకు చెప్పి యంత్రం తెప్పిస్తానన్నాడు. లేకపోతే ఇంతటితో సరి అన్నాడు.

నిన్న నేను వెళ్ళి ఒకటి తెచ్చి ఇచ్చాను. కనుమ పక్కన దొరికింది. ఆయన సంతోషించాడు. తనతోనే తీసుకుపోతున్నాడు.

ఇంతే. సీ ఉస్మాన్ ఇంకేమైనా రాయాలా అని అడుగుతున్నాడు. లేదన్నాను.

తూదా


రబాత్
18 ఫిబ్రవరి 1985

అక్కా,

యంత్రానికి అనుమతి వచ్చింది. ఏప్రిల్ మొదట్లో బయలుదేరుతుంది. నా ఆర్డరు కూడా అయింది. మే ఒకటి నుంచి తిఫ్రీత్ మకాం. రెండేళ్ళు. కాగితం నా పెట్టెలో ఉంది. ఒక పెట్రోమాక్స్ దీపం, ఒక మడత మంచం కొన్నాను.

నువ్వు ఇచ్చిన రాయిని నేనే కోశాను. మంచి రాయి, మొదటివాటికంటే మంచిది. ఒక పక్క మాత్రం చెయ్యి పెట్టి రుద్దినట్టు నునుపుగా, జిడ్డుగా ఉంది. నీ సంచిలో వెన్న ఒలికిందేమో. కడిగి కోశాను.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ పోయిన ఉత్తరం పది ముక్కలు కూడా లేదు. నేను వస్తున్నానంటే ఒక్క మాట లేదు. సీ ఉస్మాన్ రోజూ సాయంత్రం మీ ఇంట్లోనే ఉంటాడని సీ బెన్నూనా మామూలుగా అన్నాడు. నీ ఇల్లు, నీ ఇష్టం. నేను అడ్డు అనుకుంటే గుడారంలోనే ఉంటాను. ముందే చెప్పు.

బిహీ


తాజెనఖ్త్ సంత
14 మార్చి 1985

తమ్ముడికి,

దస్తూరీ వేరుగా ఉందని కంగారు పడకు. సంతలో తివాచీల వరస చివర పెట్టె పెట్టుకుని కూర్చునే ముసలాయనతో రాయిస్తున్నాను. ఈయనకు నేనెవరో తెలియదు. అందుకే ఇంత దూరం వచ్చాను.

ముందు నీ ఉత్తరం సంగతి. అది నాకు చదివింది సీ ఉస్మానే. తన పేరున్న మాట దగ్గర ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. తరువాత మిగతాది మొత్తం చదివి, మడిచి, నా చేతికిచ్చి, గ్లాసులో టీ అలాగే వదిలి వెళ్ళిపోయాడు. నాకు నలభై ఆరు, ఆయనకు ముప్పై లేవు. నువ్వు రాసేటప్పుడు చదివేది ఎవరో తలుచుకోలేదు. అప్పటి నుంచి ఆయన మా గడప తొక్కలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కందకంలో ఏమీ రాలేదని తెలిసి జనవరిలో నేను కనుమ ఎక్కాను, మోకాలికి గుడ్డ కట్టుకుని. ఆ రోజే ఇజ్దర్ ఊరివాళ్ళు ఖర్జూరాలు అమ్ముకుని తిరిగి పోతున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు నలుగురు కనుమ మీది లల్లా యామ్నా రాళ్ళ కుప్ప దగ్గర నిలబడి తిట్టుకుంటున్నారు. నొప్పి ఉన్నవాళ్ళు తమ నేల రాయి ఒకటి నొప్పి మీద రుద్ది తెచ్చి ఆ కుప్పలో పెట్టడం నీకు తెలుసు. ఏ పక్క వాళ్ళకు ఆ పక్కనే చోటు. ఇజ్దర్ వాళ్ళది దక్షిణపు పక్క. చూస్తే ఆ పక్క మొత్తం కూలిపోయి ఉంది. అక్టోబర్ వానకు కింద నేల కోసుకుపోయి వాగులోకి దొర్లింది. నేను కింద నుంచి వచ్చినప్పుడు మలుపు అడ్డమై అది కనబడలేదు. మొక్కే చోటని కందకం వాళ్ళను ఊరివాళ్ళు అటు పోనివ్వలేదు.

ఇజ్జా అని వాళ్ళలో పెద్దామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మా పక్క ఎవరు తిన్నారే? మిడతలొచ్చిన ఏడు నా తుంటి నొప్పి ఇక్కడే పెట్టిపోయాను. మళ్ళీ పట్టుకుంటుందేమో" అంది. మిగిలిన రాళ్ళు చూశాను. అన్నీ బారు పలకలే. బూడిద రంగు, పచ్చ ఛాయ. ఇలాంటివి మీ దగ్గర ఎన్ని ఉంటాయని అడిగాను. "ఎన్నేంది, మేకల దొడ్లకు గడపలు అవే. వంట పొయ్యికి మాత్రం పెట్టం, కాలితే పొడై రాలిపోతాయి" అంది.

అంటే ఆ రాయి మన కొండది కాదు. రెండు రోజుల నడక అవతల, ఇజ్దర్ వాళ్ళది. మనుషులు మోసుకొచ్చారు. నీళ్ళు కాదు.

ఆ సంగతి అప్పుడే చెప్పాల్సింది. సీ బెన్నూనా ఇంకొక్క రాయి అన్నాడు. లేకపోతే సరి అన్నాడు. మర్నాడు మళ్ళీ ఎక్కి, కుప్పలో మిగిలిన దక్షిణపు పక్క నుంచి ఒకటి తీశాను. ఆ కుప్పలోంచి రాయి తీసినవాళ్ళను నా ఎరుకలో ఎవరినీ చూడలేదు. నువ్వు కడిగింది వెన్న కాదు, ఎవరిదో నొప్పికి రాసిన నూనె. తీసినవాళ్ళకు ఆ నొప్పి అంటుకుంటుందంటారు. నాకు వారంలో కింది దవడ పన్ను పట్టుకుంది. రాయి పెట్టిన మనిషికి పన్ను నొప్పి అయి ఉంటుంది, కాలు విరిగినవాళ్ళది కానందుకు సంతోషించాను.

సీ ఉస్మాన్ రాస్తుండగా ఇది చెప్పలేకపోయాను. ఆయన వాళ్ళతో కలిసి తిరుగుతున్నాడు. ఉత్తరం చిన్నదైంది అందుకు. నువ్వు రావడం ఇష్టం లేక కాదు. నువ్వు రావాలనే ఆ పని చేశాను.

ఇప్పుడు నీకు తెలిసింది. ఇజ్దర్ పేరు చెబితే యంత్రం అక్కడికి పోతుంది, నువ్వూ అక్కడికే పోతావు. చెప్పకపోతే ఇక్కడికి వస్తావు. నేను ఇది చెయ్యి, అది చెయ్యి అనను.

పై గదికి సున్నం వేసి ఉంది.

తూదా


తిఫ్రీత్
21 ఏప్రిల్ 1985

తమ్ముడికి,

ఎండ ముదిరింది. బార్లీ కంకి పట్టింది. మార్చి నెల్లో సంత నుంచి ఒక ఉత్తరం వేశాను. జవాబు రాలేదు. నాలుగుసార్లు మూసాను అడిగాను. "రాళ్ళు పంపితే పరిగెత్తుకుంటూ పోయాయి, కాగితాలకు కాళ్ళు లేవేమో" అన్నాడు.

కోపం వచ్చి ఉంటుంది. రావాల్సిందే.

బడి గుమ్మం దగ్గర నిలబడి రాయిస్తున్నాను. సీ ఉస్మాన్‌కు పని ఎక్కువగా ఉంది, అందుకని తొందరగా చెబుతాను.

యంత్రం ఎనిమిదో తేదీన వచ్చింది. లోపల నుంచి రాతిని గుండ్రటి కర్రల్లా కోసి తీసి, చెక్క పెట్టెల్లో వరసగా పేరుస్తున్నారు. నలభై మీటర్లు దిగారట. అన్నీ కందకంలో వచ్చిన ఆ మామూలు పొరల రాయే. యంత్రం వేడెక్కకుండా నీళ్ళు పొయ్యాలి. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా కాలువ నీళ్ళు దానికే. ఎవరూ కాదనలేదు. రాయి దొరికితే ఊరికి పనులు వస్తాయని ఊరి పెద్ద ముకద్దమ్ చెప్పాడు, ఇంటింటికీ తమ వంతు నీళ్ళు వదులుకున్నారు. ఫాద్మా ఉల్లి మడి ఎండిపోయింది. "ఎండితే ఎండిందిలే, నీ తమ్ముడు వస్తాడుగా, వాడి చేత కొనిపిస్తాను" అంది. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను.

సంత నుంచి రాసింది ఇప్పుడు నా ఒక్కదాని సంగతి కాదు. ఇక్కడ నుంచి నేను నోరు తెరవలేకపోతున్నాను. అక్కడ నుంచి నువ్వు తెరువు.

తూదా


రబాత్
12 మే 1985

అక్కా,

నాకు కోపం రాలేదు. ఉత్తరం మార్చి ఇరవైన చేరింది. చదివి, ఆర్డరు కాగితంతో పాటు పెట్టెలో పెట్టాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. యంత్రం లారీ ఎక్కిన రోజు దాని చక్రాలకు అడ్డం రాళ్ళు తీసింది నేనే. నీకు జవాబు రాస్తే ఏదో ఒకటి తేల్చి రాయాలి. తేల్చలేక రాయలేదు. మే ఒకటి దగ్గరికి వచ్చింది. జ్వరమని చెప్పి ప్రయాణం వారం వెనక్కి జరిపాను. జ్వరం లేదు.

సీ బెన్నూనా ఏడో తేదీన రాతి పెట్టెలతో రబాత్ వచ్చాడు. రెండో బోరుకు సంతకం పెట్టబోతున్నాడు. అప్పుడు చెప్పాను. కుప్ప సంగతి, ఇజ్దర్ సంగతి, రెండో రాయి సంగతి. రెండో రాయి నేనే పంపమన్నానని చెప్పాను. ఆయన నమ్మలేదనుకుంటాను.

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

ఏడు వారాలు అన్నాను.

"ఏడు వారాలు," అన్నాడు. "మీ ఊరి నీళ్ళు అవి."

సంతకం పెట్టకుండా ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు నన్ను పిలిచి గోడ మీది పటంలో ఇజ్దర్ చూపించమన్నాడు. చూపించాను. వాళ్ళకు దగ్గర్లో ఇంకొక గ్రానైట్ ఉంది, ఎవరూ సరిగా చూడలేదు. దాని నుంచి దూరం కొలిస్తే వాళ్ళ ఊరు సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది. నేను ఇన్నేళ్ళు చదివింది అంతా నిజమే, కొండే వేరు. ఆయనకు అక్కడికి మాట తెలిసిన మనిషి కావాలి. తిఫ్రీత్ ఆర్డరు కొట్టేసి ఇజ్దర్ అని రాశారు. రెండేళ్ళు. శనివారం, మే పద్దెనిమిదిన బయలుదేరుతున్నాను. జగోరా మీదుగా పొమ్మన్నారు. మన వైపు రావడం లేదు.

రబాత్‌తో పోలిస్తే నీకు దగ్గరే. కానీ రెండు రోజుల నడక, నీ మోకాలికి కాదు. అక్కడ పోస్టు లేదు. ఖర్జూరాల వాళ్ళు చలికాలం వస్తారు, సెలవు ఇస్తే వాళ్ళతో కనుమ దాకా వస్తాను. ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా అడగడానికి నాకు మొహం ఉండాలి.

సీ ఉస్మాన్ గురించి రాసిన మాటకు సిగ్గుపడుతున్నాను. ఇది ఆయనే చదువుతాడు కనుక ఆయనకే చెబుతున్నాను. సీ ఉస్మాన్, తప్పు నాది. మా అక్క ఇంటికి మళ్ళీ వెళ్ళండి. టీ బాగా పెడుతుంది.

నీకు కోపం ఉంటే రాయించు. లేకపోయినా రాయించు.

బిహీ


తిఫ్రీత్
30 జూన్ 1985, ఆదివారం

తమ్ముడికి,

వడగాలి నాలుగు రోజులుగా ఉంది. రంజాన్‌లో కోత కోసి, పండగ అయిన తరువాత కళ్ళంలో తొక్కించాం. బార్లీ సగానికి తక్కువ వచ్చింది, అందరికీ అంతే. ఈ రోజు గడ్డి మోసి మేడ మీద పేర్చాను. అందుకే జవాబు ఆలస్యమైంది. ఇజ్దర్‌కు పోస్టు లేదన్నావు కనుక ఈ ఉత్తరం మూసా చేత జగోరాకు పంపుతున్నాను. అక్కడ మీ ఆఫీసు లారీ ఆగుతుందట. ఎప్పుడు చేరుతుందో తెలియదు.

నాకు కోపం లేదు. నువ్వు ముందే చెప్పి ఉంటే ఒక బోరు నీళ్ళు మిగిలేవి. నేను జనవరిలోనే చెప్పి ఉంటే యంత్రానికి అనుమతే వచ్చేది కాదు. ఆ లెక్క ఇక వద్దు.

రాయి వేరే ఊరిదని సీ బెన్నూనా రబాత్ నుంచి తిరిగి వచ్చి ముకద్దమ్‌కు చెప్పాడు. వాన మోసం చేసిందన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఊళ్ళో రెండు రోజులు అనుకుని మానేశారు. ఫాద్మా మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, నా మొహం చూడకుండా, "చలిలో మోకాలికి గుడ్డ కట్టుకుని రెండుసార్లు కనుమ ఎక్కినప్పుడే అనుకున్నానులే" అంది. ఏమనుకున్నావని అడగలేదు. ఈ వేసవి అంతా నా వంతు నీళ్ళు ఆమె మడికి తిప్పాను. ఆమె కూడా ఎందుకని అడగలేదు. రెండోసారి వేసిన ఉల్లి మొలిచింది.

పన్ను తాజెనఖ్త్‌లో పీకించుకున్నాను.

నీ ఉత్తరం సీ ఉస్మాన్ బడి గదిలో చదివాడు. తనకు రాసిన ముక్క దగ్గర ఆగి, పైకి చదవకుండా తనలో చదువుకున్నాడు. ఏముందని అడిగితే అప్పుడు పైకి చదివాడు. ఆ సాయంత్రం వచ్చి టీ తాగాడు. మార్చి నెల్లోనే బదిలీ అడిగాననీ, అది వచ్చేసిందనీ చెప్పాడు. తిజ్నీత్ పక్కన, వాళ్ళ అమ్మగారి ఊరికి నడిచిపోయేంత దూరంలోనట. అడిగిన చోటే ఇచ్చారు. మంచిదన్నాను. కొత్త పంతులు దొరక్కపోతే అక్టోబర్‌లో బడి తెరవరని ముకద్దమ్ అంటున్నాడు.

నువ్వు అక్కడ ఇజ్జాను చూస్తే తుంటి ఎలా ఉందని అడిగానని చెప్పు.

సీ బెన్నూనా మే పద్నాలుగున, మంగళవారం వెళ్ళాడు. యంత్రమూ మనుషులూ పద్దెనిమిదిన, శనివారం వెళ్ళారు. ఇది రాస్తున్న సీ ఉస్మాన్ రేపు, సోమవారం, పొద్దున బస్సుకు వెళ్తున్నాడు.

తూదా